హాస్టల్ అవ్వ వేసిన సున్నా

మా దగ్గర క్రైస్తవులల్ల మనిషి పోతే, పెట్టెను మట్టికి తీసుకపోయే ముందు ఆ మనిషి జీవిత చరిత్ర చదువుతరు. చదివే పని చర్చి సంఘం సెక్రటరీది, అంటే నాది. ఇరవై ఏండ్ల నుంచి ఈ పదవి నన్ను వదుల్తలేదు. నేనే వదిలేద్దామని లేచినప్పుడల్లా "మీ అంత మంచిగ ఎవరు రాస్తరు సార్" అని కూసుండబెడతరు. బడిల లెక్కలు చెప్పేటోన్ని చరిత్ర రాయమంటే ఎట్లుంటదో నా రాత అట్లనే ఉంటది. పుట్టిన తేదీ, పెండ్లి తేదీ, పోయిన తేదీ. కూడికలు, తీసివేతలు. శేషం సమాధిల.

పోయిన నెల హాస్టల్ అవ్వకు గూడ అట్లనే అర పేజీ చదివిన. చదువుతుంటేనే తెలిసింది, ఆ అర పేజీల ఆమె లేదని. ఉంటే మధ్యల దగ్గేది.

ఆ దగ్గు సంగతి చెప్పాలె. ఆదివారం ఆరాధనల సాక్ష్యాలకు కొంత సేపు ఉంటది. ఎవరో ఒకరు లేచి, దేవుని కృపవల్ల మా ఇంట్ల అంతా శాంతి సమాధానమే అంటరు. ఆడోళ్ల చాపల దిక్కు నుంచి ఒక పొడి దగ్గు వస్తది. అంతే. ఆ ఇంట్ల నిన్న పొద్దున పళ్లాలు ఎగిరిన సంగతి అందరికి యాదికొస్తది. చలికాలం గజగజ వణికినా దగ్గని మనిషి, అబద్ధం సోకితే మాత్రం ఊకోకపోయేది. ఒకసారి నేను లేచి, బడిల పిల్లలను సొంత పిల్లల్లాగ చూసుకుంటున్న అని సాక్ష్యం చెప్పిన. రెండుసార్లు దగ్గింది. ఇంటికి పోయినంక మా పిల్లలు నా పక్షమే మాట్లాడిండ్రు. నాన్న మమ్ముల గూడ గట్లనే కొడతడు గదా, అండ్ల అబద్ధమేమున్నది అని.

దగ్గు ఒకటైతే, ఆమెన్ ఇంకొకటి. మా సంఘ పెద్ద ఒకాయన ఊళ్లె ఆరెంపీ. తుమ్మినోనికి గూడ సూది వెయ్యకుండ పంపడు గనుక అందరం డాక్టర్ సాబ్ అంటం. ఆయన ప్రార్థన మొదలు పెడితే ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం తిరిగి, సరిహద్దుల సైనికుల దాక పోయి గాని వెనుకకు మళ్లడు. ఆయన ఇంకా జిల్లా దాటకముందే అవ్వ గట్టిగ "ఆమెన్" అనేది. ఒకసారి ఆమెన్ అన్నంక జనం ఆగుతరా? అలవాటు కొద్ది వంద గొంతులు అందుకునేవి. డాక్టర్ సాబ్ కండ్లు తెరిచేసరికి సగం మంది చెప్పులు వెతుక్కునేటోళ్లు. సైనికులు ఆ వారానికి ప్రార్థన లేకుండనే కాపలా కాసేటోళ్లు.

ఆమె మీద కోపానికొచ్చినోళ్లు లేరా అంటే, రానోళ్లెవరో వెతకాలె. నేనైతే ఆదివారం పొద్దున బొత్తాలు పెట్టుకుంటప్పుడే సగం కోపం తయారుగ పెట్టుకొని పోయేటోన్ని.

మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్ల ఆమె వంటమనిషి. హాస్టల్ ఎప్పుడో మూతపడ్డది. వంటశాల పక్కన సామాను గది ఒకటి మిగిలితే, ఆ గదిల ఆమె మిగిలింది. గోడకు అవతల అయ్యగారి ఇల్లు. పాస్టరును మేము అయ్యగారంటం, ఆయన భార్యను అమ్మగారంటం. అవ్వకు కండ్లల్ల నీటికాసుల జబ్బు. పొద్దున తొమ్మిదింటికి, పొద్దుగూకినంక మళ్ల ఒకసారి, తప్పకుండ సుక్కల మందు పడాలె. మందు ఆగితే చూపు పోతది, పోయిన చూపు మళ్ల రాదని పాలమూరు డాక్టరు ఖండితంగ చెప్పిండు. ఆమె చేతులు వణుకుతయి, సొంతంగ వేసుకుంటే సుక్క చెవుల పడతది. అందుకని అమ్మగారు గోడ అవతల నుంచి వచ్చి వేసేది. ఆ ఇద్దరి నడుమ ఇంకేమేం ఉండేనో నాకు తెల్వదు గని, సుక్కలు వేసినంక అమ్మగారు కొంగుతోని అవ్వ చెంపలు తుడిచే తీరు చూస్తే, సొంత కోడలున్న అత్తలకు కడుపు మండేది.

ఇగ బియ్యం. మా సంఘంల తాతల నాటి నుంచి పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి. ఇంటి ఆడమనిషి ఎసట్ల బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాల వేస్తది. ప్రతి వంటకు ఒక పిడికెడు. ఆదివారం ఆ డబ్బాను సంచిల ఒంపుకొని వచ్చి, బలిపీఠం ముందరి గంపల పోస్తది. ఆ బియ్యం ఇంత అయ్యగారి ఇంటికి, ఇంత లేనోళ్లకు. వేరే సంఘాలల్ల తిన్నగ గంపల పోస్తరు. మా దగ్గర గంపకు ముందు అవ్వ ఉండేది, ఒళ్లె చాట పెట్టుకొని. బియ్యం ముందు చాటల పడాలె. ఆమె వేళ్లతోని కదిపి, రెండు గింజలు నోట్లేసుకొని, అప్పుడు గంపలకు ఒంపేది.

చూపు మందగించినా ఆమె వేళ్లకు కండ్లుండేవి. ఇది రేషన్ షాపు కంట్రోలు బియ్యం, ఇది సన్నరకం, ఇది పురుగు పట్టింది, ఈ ఇంట్ల ఈ వారం ఒక పూట పొయ్యి వెలగలేదు, ఈ ఇంటికి చుట్టాలొచ్చిండ్రు, అన్నీ చాటల చదివేది. హాస్టల్ల గూడ గట్లనేనట. పిల్లలను నాడి పట్టి చూసుడు గాదు, పళ్లెంల మిగిలిన అన్నం చూసి, ఫలానా పిల్లకు జరం వస్తది అని ముందటి రోజే చెప్పేదట. నాకు ప్రమోషన్ వచ్చిన ఏడు మా ఇంట్ల సన్నబియ్యం తినుడు మొదలైంది. మా ఆమె మురిపెంగ సంచి ఒంపింది. అవ్వ చాట ఊపి, "బియ్యం సన్నబడ్డయి బిడ్డా, పిడికిలి గూడ సన్నబడ్డది" అన్నది. మా ఆమె ఆ వారమంతా పిడికిలి బిగించే తిరిగింది, బియ్యం మీద గాదు, నా మీద.

ఇట్ల ఉంటుండగ మూడేండ్ల కింద ఆ ఫారం వచ్చింది.

మా సంఘాలన్నిటికి మీద ఒక పెద్ద ఆఫీసు ఉంటది. వాళ్లకు ఒక ఆలోచన పుట్టింది. రాష్ట్రం విడిపోయె, జిల్లాలు విడిపోయె, మండలాలు గూడ ముక్కలాయె. అందరూ విడిపోతున్న కాలంల మా సంఘాలను మాత్రం కలుపుతరట. ఏ సంఘం బలంగ ఉన్నదో దానికి సొంత పాస్టరు ఉంటడు. ఏది బలహీనంగ ఉన్నదో దాన్ని పక్క ఊరి సంఘంల కలుపుతరు, పాస్టరును బదిలీ చేస్తరు, నెలకొక ఆదివారం ఎవరో ఒకరు వచ్చి పోతరు. బలం కొలిచేటందుకు "సంఘ ఆరోగ్య పరిశీలన" అని నాలుగు పేజీల ఫారం పంపిండ్రు. ప్రశ్నకు పది మార్కులు. సంఘములో ఐక్యత కలదా. సభ్యులలో ఆత్మీయ ఉత్సాహము ఏ మేరకు కలదు. యువజనులు చురుకుగా పాల్గొనుచున్నారా. కింద ఒక షరతు: పాస్టరు లేకుండ కమిటీ అంతా కలిసి కూర్చొని, ప్రతి మార్కు మీద ఏకాభిప్రాయానికి వచ్చి, ఏడుగురూ సంతకాలు చెయ్యాలె. ఒక్క సంతకం తక్కువైనా ఫారం చెల్లదు.

ఆ ఏడుగురిల ఆడోళ్ల తరఫున హాస్టల్ అవ్వ ఉన్నది. అది చూసినప్పుడే నా బీపీ ఒక గీత పైకి పోయింది.

మొదటి ఆదివారం ఆరాధన అయినంక అయ్యగారి వరండల కూసున్నం. అయ్యగారు షరతు ప్రకారం బయట వేపచెట్టు కింద అటు ఇటు తిరుగుతున్నడు, ప్రసవం గది ముందట తండ్రి తిరిగినట్టు. నేను ఉత్సాహంగ ఉన్న. మార్కులేసుడు నాకు కొత్తనా? నా దగ్గర చదివి లెక్కల్ల ఫెయిలైనోడు లేడు, లెక్కలు వచ్చినోడు గూడ పెద్దగ లేడు. ఐక్యతకు తొమ్మిది అన్నరు, రాసిన. ఉత్సాహానికి తొమ్మిది, రాసిన. యువజనులకు పది. ఆ ఏడే పోరగాండ్లు చందాలేసి కీబోర్డు కొన్నరు. దాని చప్పుడుకు పక్క బస్తీ పిల్లలు గూడ వచ్చి వెనుక నిలబడుతుండ్రి. హాజరు పెరిగింది. తలలు లెక్కపెట్టి పుస్తకంల రాసేది నేనే గనుక నాకు తెలుసు. అవ్వ అన్నిటికి తల ఊపింది. నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్న, తొందరపడి.

ఆరో ప్రశ్న: రోగులను, బాధలో ఉన్నవారిని సంఘము పరామర్శించుచున్నదా.

డాక్టర్ సాబ్ తొమ్మిది అన్నడు. నేను పెన్ను పెట్టిన. అవ్వ దగ్గింది.

"సున్నా" అన్నది.

ఎనిమిది చేద్దమన్నం. ఏడు అన్నం. బేరం ఆరు దాక వచ్చింది. ఆమె సంత బేరం వినుకుంట పోయేదానిలెక్క కూసున్నది. ఎందుకవ్వా అంటే, ఏడు వారాలాయె బాలస్వామి ఇంటి బియ్యం రాక, అన్నది.

బాలస్వామి మా డోలక్ మనిషి. ముప్పై ఏండ్లు మా పాటలు ఆయన చేతుల మీదనే నడిచినయి. నేను ఆ పేరు వినంగనే ఫారం దిక్కు చూసుకుంట కూసున్న. ఎందుకంటే కీబోర్డు వచ్చినంక పోరగాండ్లు, దాని తాళం ఒకటైతే బాలస్వామన్న తాళం ఒకటి అయితాంది, జర చెప్పుండ్రి సార్ అన్నరు. సెక్రటరీని గదా, చెప్పిన. మర్యాదగనే చెప్పిన అనుకున్న. "అన్నా, నువ్విన్నేండ్లు కష్టపడ్డవు, ఇగ రెస్టు తీసుకో. కీబోర్డుల డోలక్ గూడ ఉన్నదంట" అన్న. "అట్లనా సారూ, మంచిదే" అన్నడు. డోలక్ మీద గుడ్డ కప్పి తీసుకపోయిండు. మళ్ల ఆదివారం నుంచి ఆయన లేడు, ఆయన భార్య లేదు. నా తలల లెక్కల మాత్రం రెండు తక్కువ గాలేదు. పది ఎక్కువయినయి. తలలు లెక్కపెట్టేటోనికి ముఖాలు యాదుంటయా?

ఆ ఆదివారం లేచిపోయినం. రెండో ఆదివారం మళ్ల కూసున్నం, మళ్ల సున్నా దగ్గరనే ఆగినం. ఆఖరు తేదీ దగ్గర పడ్తాంది. మధ్యల నేను ఒక్కన్నే ఆమె గదికి పోయిన. బతిమిలాడిన. ఆ ప్రశ్నకు సున్నా వేస్తే, నిజాయితీగ మిగతావి గూడ దించాల్సొస్తది, మొత్తం పడిపోతది, అయ్యగారిని బదిలీ చేస్తరు అని బోర్డు మీద లెక్క చెప్పినట్టు విడమరిచి చెప్పిన. వినకపోతే ఆఖరు అస్త్రం తీసిన.

"అవ్వా, అందరికంటె నీకే నష్టం. అయ్యగారు పోతే అమ్మగారు గూడ పోతది. నీ కండ్లల్ల సుక్కలు ఎవరేస్తరు?"

ఆమె నా దిక్కు తిరిగింది. ముఖం సరిగ్గ కనపడదు గనుక నా చెవుల దిక్కు చూసుకుంట మాట్లాడేది.

"సుక్కల కోసం సున్నాను తొమ్మిది చెయ్యాల్నా కొడుకా?"

ఇంత పట్టుదల ఉన్నామెను ఏ దేవుడు మా మీద పెట్టిండని తిట్టుకుంట బయటికొచ్చిన. అంత పట్టింపు ఉంటే, ఈమెనే పోయి బాలస్వామిని చూసి రావచ్చు గదా అని గూడ అనుకున్న. తర్వాత తెలిసింది, రెండుసార్లు పోయి వచ్చిందని. ఆమె పోయింది గాని సంఘం పోలేదు. ఫారంల అడిగింది సంఘాన్ని.

మూడో ఆదివారం, ఇగ మర్నాడు ఫారం పోస్టు చెయ్యాలె. అవ్వ చాప మీదికెళ్లి లేచి నిలబడ్డది.

"నడువుండ్రి, పోయి సూద్దం. సూసినంక మీరు ఎన్నంటే గన్నే. సంతకం పెడత."

ఏడుగురం లైనుగ బయలుదేరినం. ఎండ. ముందట అవ్వ, నా భుజం పట్టుకొని. నా చేతుల ఫారం. దాన్ని అయ్యగారి ఇంట్ల పెట్టి రావాలన్న తెలివి ఏడుగురిల ఒక్కరికి లేకపాయె. సంఘ ఆరోగ్యం కొలిచేటోళ్లం మేము.

బాలస్వామి ఇల్లు బస్తీ చివర, రేకుల ఇల్లు. మంచం మీద కాలు చాపుకొని ఉన్నడు. పాదానికి ఈ కొన నుంచి ఆ కొనకు కట్టు. షుగరు పుండు, పాలమూరు పెద్ద దవాఖానల రెండు వేళ్లు తీసేసిండ్రంట. ఆయన భార్య మమ్ముల చూసి పక్కింటికి కుర్చీల కోసం ఉరికింది. డాక్టర్ సాబ్ అలవాటు కొద్ది కట్టు పట్టి చూడబోయి, నాకు చెప్పలేదేంది బాలస్వామీ అన్నడు. మీ సందుల నుంచే ఆటోల పోయిన, మీరు అరుగు మీద పేపర్ చదువుతుండ్రి, అన్నడాయన. డాక్టర్ సాబ్ చెయ్యి వెనుకకు తీసుకున్నడు.

నేను ఏదో ఒకటి అనాలె గదా. మాకు తెల్వదన్నా, లేకుంటే రాకపోదుమా అన్న.

"కీబోర్డుల డోలక్ ఉన్నదంటివి గద సారూ. పరామర్శ గూడ దాంట్లనే ఉన్నదేమో అనుకున్న" అన్నడు.

ఆయన భార్య తెచ్చిన కుర్చీ ఒకటే. దాంట్ల ఎవరు కూసోవాల్నో తెల్వక ఏడుగురం నిలబడే ఉన్నం. అప్పుడు ఆయన చూపు నా చేతిల కాయితాల మీద పడ్డది.

"నన్ను సూడొచ్చిండ్రా, ఫారం నింపొచ్చిండ్రా?"

నిన్నే చూడొచ్చినమన్నా అని నేను నోరు తెరిచిన. అవ్వ నా భుజం గట్టిగ నొక్కింది.

"రెండిటికి వచ్చినం బాలస్వామీ. వాళ్లు ఫారానికొచ్చిండ్రు. నేనే గుంజుకొచ్చిన" అన్నది. ఆ ఆరో ప్రశ్న ఏందో, మేము ఎంతేద్దమన్నమో, తక్కువ వేస్తే ఏమైతదో, ఒక్కటి దాచకుండ చెప్పింది. అయ్యగారు పోతడని గూడ చెప్పింది. తన సుక్కల సంగతి మాత్రం చెప్పలేదు. అది మేము గూడ చెప్పలేదు. "నువ్వే చెప్పు ఎంత వెయ్యాల్నో" అన్నది.

బాలస్వామి రేకుల దిక్కు చూసిండు. నేను లోపల లోపల, అన్నా, కోపమంతా నా మీద తీర్చుకో, మార్కుల మీద గాదు అని మొక్కుకుంటున్న.

"నువ్వు గాక అయ్యగారు ఒక్కడు వచ్చిండు, రెండు తాపలు" అన్నడు చివరికి. "గాయన కోసం ఒక మార్కెయ్యిండ్రి."

వేసినం. గోడకు ఆనించి నేనే రాసిన, పదికి ఒకటి. పెన్ను అక్కడ ఆగలేదు. ఐక్యత తొమ్మిది కొట్టేసి మూడు చేసినం. ఉత్సాహం నాలుగు అయింది. యువజనుల పది అట్లనే ఉంచుదమని డాక్టర్ సాబ్ అన్నా, అది గూడ దిగింది. ఏడుగురం బాలస్వామి మంచం పట్టె మీద పెట్టి సంతకాలు చేసినం. అవ్వ తన పేరు రాసుడు అయ్యేసరికి ఆయన భార్య పెట్టిన టీ చల్లారింది.

రెండు నెలలకు జవాబు వచ్చింది. మమ్ముల కల్వకుర్తి సంఘంల కలిపిండ్రు. అయ్యగారిని కొల్లాపూర్ దిక్కు వేసిండ్రు. మాకంటె చిన్న సంఘం, పక్క మండలంది, ఆదివారం ముప్పై మంది గూడ రారు, వాళ్లు అన్నిటికి పది వేసుకున్నరంట. వాళ్ల పాస్టరు వాళ్లకున్నడు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు. నిజం చెప్పినందుకు మేము రోగులం, అబద్ధం చెప్పినోళ్లు ఆరోగ్యవంతులు. జనం నన్ను అనలేదు, అవ్వను అన్నరు. గోరీకి కాళ్లు చాపిన ముసలిది మా గుడిని ముంచింది అని మొహం మీదనే అన్నరు. డాక్టర్ సాబ్ ఆమెకు వందనం చెప్పుడు మానేసిండు. నేను చెప్పేది మాత్రం మానలేదు, పండ్లు కొరుక్కుంట చెప్పిన.

అయ్యగారు సామాను డీసీఎం బండిల ఎక్కించుకొని పోయే రోజు అమ్మగారు పొద్దున సుక్కలు వేసి, చెంపలు తుడిచి, సీసా అవ్వ చేతిల పెట్టి మూసింది. ఏడ్చింది అమ్మగారే. అవ్వ మాత్రం, కొల్లాపూర్ నీళ్లకు పప్పు ఎట్ల ఉడుకుతదో ఏందో, తొలుత జర ఎక్కువ నానబెట్టు బిడ్డా, అని వంట సంగతి మాట్లాడింది. వండి పెట్టినోళ్లకు వీడ్కోలు ఎట్ల చెప్పాల్నో తెల్వదేమో, పప్పు గురించే చెప్తరు.

ఆ సాయంత్రమే నేను ఒక పట్టిక తయారు చేసిన. సోమవారం ఫలానామె, మంగళవారం ఫలానామె, సుక్కలు వేసేటందుకు. పట్టికలు గీసుడు నాకు ప్రాణం. వారం దాటకముందే అవ్వ దాన్ని చింపినంత పని చేసింది. ఒకామె చేతులు చల్లగున్నయంట. ఒకామె సుక్క కంటె మాట ఎక్కువ పోస్తదంట. మా ఆమెకు గోర్లు పొడుగంట. నేను వేస్తనన్న. "నువ్వు వద్దు సారూ. నీ చెయ్యి అందరికి ఒకటే తీరు ఏస్తది, కన్నా చెంపనా సూడదు" అన్నది. నాకు తిక్కరేగింది. చూపు పోతే పోనీ, మా తప్పు ఏమున్నది, అందరం వస్తమన్నం గదా అని ఇంట్ల అరిచిన. నాలుగు రోజులు ఆమె గది దిక్కు పోలేదు. పోలేదు గని పొద్దున తొమ్మిది అయితే గడియారం దిక్కు చూసుకుంటనే ఉన్న.

తర్వాత చూస్తే ఆమె చూపు పోతలేదు. ఆదివారం చాట పట్టుకొని ఎప్పటి తీరుగనే కూసుంటాంది. పాస్టరు రాని మూడు ఆదివారాలు మేమే ఏదో ఒకటి చదువుకొని, పాడుకొని, డాక్టర్ సాబ్ జిల్లా దాటకముందే ఆమెన్ అని లేస్తున్నం. సుక్కలు ఎవరేస్తుండ్రవ్వా అని అడిగితే, దేవుడేస్తుండు అని నన్ను ఇంకా కాల్చింది. దేవుడు సుక్కల మందు వేస్తడా అని నేను ఆరా తీయబోతే, మా ఆమె చెప్పింది. అవ్వ రోజుకు రెండుసార్లు, గోడ పట్టుకొని, మనిషిని పట్టుకొని, ఎండ అనక వాన అనక బస్తీ చివరకు నడిచి పోతదంట. బాలస్వామి గడప మీద కూసుంటదంట. ఆయన చేతులు కడుక్కొని సుక్కలు వేస్తడంట.

నాకు ముందు కోపమే వచ్చింది. మేమందరం లేనట్టు, కాలు కదపలేనోని దగ్గరికి ఈ గుడ్డామె అంత దూరం పోవుడేంది, ఊరు చూస్తే మమ్ముల ఏమంటది అని. దార్ల ఆపి అడిగిన.

"ముప్పై ఏండ్లు డోలక్ మీద ఆడిన చేతులు, సుక్క ఎక్కడ పడాల్నో వాటికి తెలుసు" అన్నది. నేను కదలకపోతే ఇంకో మాట అన్నది. "వాడు యాడికి పోతడు సారూ. ఎప్పుడు పోయినా ఇంట్లనే దొర్కుతడు. నా కోసరం రోజుకు రెండుసార్లు లేచి కూసుంటుండు. లేకుంటే వాడు గా మంచం మీదికెళ్లి లేస్తడా?"

నన్ను వదిలి నడిచిపోయింది. పక్క గోడ తడుముకుంట, దాన్ని తిట్టుకుంట.

బాలస్వామి మళ్ల గుడికి వచ్చిండా అంటే, రాలేదు. నేను రెండుసార్లు క్షమాపణ అడిగిన, రెండుసార్లు మంచిదే సారూ అన్నడు. ఆయనను మేము బాగుచేసినమని చెప్పుకునేటందుకు ఏమీ లేదు. ఇంకో వేలు గూడ పోయింది. కాకపోతే ఆయన ఇంటి బియ్యం వస్తుండె. అవ్వ కొంగుల మూటకట్టుకొని తెచ్చి, తన చాటల తనే ఒంపుకొని, గింజలు నోట్లేసుకొని చూసి, గంపల పోసేది. ఆ బియ్యం ఎట్లున్నయని మాత్రం ఎవరికి చెప్పలేదు.

పోయిన నెల ఒక పొద్దున, నీళ్లకు లేచిన పక్కింటామె అవ్వ తలుపు కొడితే తియ్యలేదు. నిద్రల్నే పోయింది. నేను పోయి చూసి, చెయ్యాల్సిన పనులల్ల పడ్డ. కల్వకుర్తి పాస్టరుకు ఫోన్ చేస్తే, అక్కడ ఒక పెండ్లి ఉన్నది, అది అయినంకనే వస్త అన్నడు. కొల్లాపూర్ అమ్మగారికి గూడ ఫోన్‌ల చెప్పిన. పెట్టె, గుంత తవ్వేటోళ్లు, షామియానా, ఒక్కొక్కటి రాసుకొని టిక్కు పెట్టుకుంట పోయిన. అందరికి చెప్పిన అనుకున్నంక, బాలస్వామి ఫోన్ బందున్నదని యాదికొచ్చింది. ఎవరినన్న పంపుదమనుకున్న. ఈ ఒక్క మాట మాత్రం వేరేటోళ్లకు అప్పజెప్పబుద్ధి గాలేదు.

స్కూటర్ మీద నేనే పోయిన. తొమ్మిది కావస్తాంది. ఆయన గడప దగ్గర గోడకు ఆనుకొని కూసున్నడు, కట్టున్న కాలు చాపుకొని. పక్కన చెంబు. అప్పుడే కడిగిన చేతులు వేటికీ తగలకుండ మోకాళ్ల మీద పైకి పెట్టుకున్నడు. సందు మూల దిక్కు చూస్తున్నడు. నా స్కూటర్ చప్పుడుకు ముఖం తిప్పి, ఏంది సారూ పొద్దున్నే అన్నడు.

నేను స్టాండు వేసిన. దగ్గరికి పోయి గడప మీద, ఆయన పక్కన ఖాళీ ఉన్న జాగల కూసున్న. అది ఎవరి జాగనో కూసున్నంక తెలిసింది. లేవబోయి, మళ్ల అక్కడనే కూసున్న.

బాలస్వామి నా ముఖం చూసిండు. సందు మూల దిక్కు ఇంకొకసారి చూసిండు. తడి చేతులు మెల్లగ లుంగీకి తుడుచుకున్నడు.